ఉమ్మడి బోరులో వంతు దాటే భాగస్థుడు: తగువు పెంచుకోకుండా తేల్చుకునేదెట్లా?

నార్పల_చీనీ

అందరికీ నమస్కారం. మాది నార్పల మండలం. నాకూ మా చిన్నాయన కొడుక్కూ కలిపి ఒకటే బోరు. ఆయన నాకంటే పెద్ద, అన్న వరస. భాగాలు పంచుకున్నప్పుడు బోరు చెరి సగం అని రాసుకున్నారు. 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. ఇద్దరివీ చీనీ (బత్తాయి) తోటలే, ఇద్దరికీ డ్రిప్పే. నాది 3 ఎకరాలు, ఆయనది 4. రోజు మార్చి రోజు వంతు. మా ఫీడరుకు పొద్దున 7 నుంచి సాయంత్రం 4 దాకా త్రీఫేజు.

నా వంతు రోజు పొద్దున పోయేసరికి మోటారు ఆడుతుంటాది, నీళ్లు ఆయన తోటకు పారుతుంటాయి. ఒక్కోసారి ఎనిమిదిన్నర దాకా అంతే. అడిగితే "నిన్న కరెంటు సరిగా ఉండిందా? ఆ బాకీ నాకెవరిస్తారు?" అని పైకి లేస్తాడు. గట్టిగా మాట్లాడితే రెండిళ్ల మధ్య రాకపోకలు ఆగిపోతాయి. ఊరకుంటే ఎండాకాలంలో చెట్లు వాడిపోతాయి. సర్దుకుపో అనేది ఒకటి, తిరగబడు అనేది ఒకటి, ఈ రెండు సలహాలూ ఊళ్లోనే దండిగా దొరుకుతున్నాయి. ఇట్లాంటి మనిషితో లెక్క ప్రకారం తేల్చుకునే పద్ధతి ఏమన్నా ఉంటే చెప్పండి.

గార్లదిన్నె_నీటిలెక్క

మొదట "ఇట్లాంటి మనిషి" అన్న మాట తీసేయండి. మొండితనాన్ని ఏ గజంతోనూ కొలవలేం, దాన్ని మార్చడం కూడా మన చేతిలో లేదు. "నా వంతు రోజు 7 నుంచి 8:30 దాకా నీళ్లు అటు పారినాయి" అన్నదాన్ని మాత్రం కొలవొచ్చు, మార్చొచ్చు. సమస్యను ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టండి. ఆ వాక్యంలో ఆయన గుణం గురించి ఒక్క పదం ఉన్నా కొట్టేసి మళ్లీ రాయండి.

ఆ తర్వాత 14 రోజులు ఏమీ అనకుండా రాసుకోండి. పద్నాలుగే ఎందుకంటే, ఇద్దరికీ ఏడేసి వంతులు వస్తాయి, కరెంటు బాగున్న రోజులూ బాగలేని రోజులూ రెండూ తగులుతాయి. మూడు రోజుల లెక్క చూపిస్తే "ఆ మూడు రోజులే అట్లా జరిగింది" అనేస్తారు. రోజుకు ఒక వరస చాలు: తేదీ, వంతు ఎవరిది, కరెంటు వచ్చిన టైము, పోయిన టైము, మధ్యలో పోయిన నిమిషాలు, సాయంత్రం మోటారు ఆగినప్పుడు ఎవరి వాల్వు తెరిచి ఉంది, ఆ రోజు తోటలో ఎరువు ఎక్కించినారా లేదా. ఈ చివరి రెండూ పనికిమాలినవి అనిపిస్తాయి కానీ అసలు కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతాది.

మీ వైపు తప్పులు కూడా అదే కాగితంలో రాయండి. మీరు పది నిమిషాలు ఎక్కువ ఆడించినా సరే. ఒకవైపు తప్పులే ఉన్న కాగితం అవతలి మనిషికి చార్జిషీటు లాగా కనపడుతుంది, చదవకుండానే చింపేస్తాడు.

ఈలోపు ఇంకో కొలత తీయండి. 200 లీటర్ల డ్రమ్ము బోరు దగ్గర పెట్టి, ఎన్ని సెకన్లకు నిండుతుందో చూడండి. మోటారు వేసిన అరగంటకు ఒకసారి, మధ్యాహ్నం 3 గంటలకు ఒకసారి. మన రాతి నేలల్లో పొద్దున ఊరి ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి తగ్గుతాయి. అంటే పొద్దున గంటా సాయంత్రం గంటా ఒకటి కాదు. మీ అన్న తీసుకుంటున్నది పొద్దున గంట.

గుత్తి_వైండింగ్

అన్నా, ఒక్క మాట అడుగుతా. ఆ స్టార్టరుకు ఆటో ఉందా? ఉంటే సగం కత అక్కడే ఉంటాది. సాయంత్రం 4కు కరెంటు పోతాది, ఆయన వాల్వు తెరిచే ఉంటాది, ఎవరూ మూయరు. పొద్దున 7కు కరెంటు రాగానే ఆటో మోటారును లేపుతాది, నీళ్లు ఆయన తోటకు పోతాయి. ఆయన అప్పటికి ఇంట్లో పళ్లు తోముకుంటా ఉంటాడు. దాన్ని మీరు దౌర్జన్యం అనుకుంటాండారు. అట్లని ఆయన మంచోడని నేను అనడం లేదు, నిజంగా కావాలనే చేస్తాండొచ్చు. అయితే ఆటో తీసేస్తే ఏది ఏదో తెలిసిపోతాది. ఆటో వద్దని కరెంటోళ్లు కూడా మొత్తుకునేది ఇందుకే. కరెంటు వచ్చీ రాగానే లైను మీద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోదు.

రెండోది, అవర్ మీటరు వేయించండి. గంటలు చూపించే చిన్న మీటరు, కొన్ని వందల రూపాయల్లో వస్తాది. కాంటాక్టరు (స్టార్టరులో మోటారుకు కరెంటు కలిపి తీసే స్విచ్చి) నుంచి మోటారుకు పోయే వైపు కలపాల. అప్పుడే మోటారు ఆడిన గంటలు మాత్రమే తిరుగుతాది. కరెంటు వచ్చే వైపు కలిపితే మోటారు ఆగి ఉన్నా తిరుగుతానే ఉంటాది, లెక్క తప్పుతాది, దాంతో ఇంకో తగువు. మీటరు కొనేటప్పుడు వోల్టేజి చూసుకోండి. స్టార్టరు పెట్టెలో న్యూట్రల్ లేకపోతే 230 వోల్టులది పనికిరాదు, 415 వోల్టులది తెచ్చి రెండు ఫేజుల మధ్య కలపాల. ఇంకొకటి, రీసెట్ బొత్తం లేనిది కొనండి. బొత్తం ఉంటే ఎవరో ఒకరు నొక్కుతారు, నొక్కలేదని ఒట్టు పెడతారు. పనికి ముందు ఫ్యూజులు పీకి, మూడు ఫేజులూ టెస్టరుతో చూసుకోవాల. చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, 415తో ఆటలొద్దు.

మూడోది చెయ్యకూడనిది. కోపంతో ఆయన వాల్వుకు తాళం వేసినారనుకో, ఆయనొచ్చి మీ వాల్వుకు తాళం వేస్తాడు. ఆటో మీద మోటారు లేస్తే నీళ్లు పోయేదానికి దారి ఉండదు. పైపు జాయింట్లు ఊడొస్తాయి, లేదంటే లోపల నీళ్లు కదలక మోటారు వేడెక్కి వైండింగ్ పోతాది. ఎత్తించే ఖర్చు, చుట్టించే ఖర్చు, పది రోజులు నీళ్లు లేకపోవడం అన్నీ ఇద్దరి నెత్తినే పడతాయి.

తాడిపత్రి_పాతకాపు

మీటర్లు, డ్రమ్ములు, కాగితాలు. ఇవన్నీ చదువుకున్నోళ్ల మాటలు. ఊళ్లో నలుగురు పెద్దమనుషుల్ని పిలిచి కూర్చోబెట్టండి. సాయంత్రానికి తేలిపోతుంది.

గార్లదిన్నె_నీటిలెక్క

పాతకాపు గారూ, పెద్దమనుషులు కావాల్సిందే, కాకపోతే ఇప్పుడు కాదు. కొలత లేకుండా పంచాయితీ పెడితే వాళ్ల చేతిలో ఉండేది ఒకటే: ఇద్దరూ చెప్పింది విని మధ్యలో గీత గీయడం. గొంతు పెద్దగా ఉన్నోడికి గీత జరుగుతుంది. పైగా నలుగురిలో తల వంచిన మనిషి ఆ కోపం ఏ పైపు మీదో, ఏ ఫ్యూజు మీదో తీర్చుకుంటాడు. ముందు ఇద్దరే లెక్క తేల్చుకుని, ఆ తర్వాత సాక్షి సంతకాలకు పెద్దల్ని పిలిస్తే ఎవరి పరువూ పోదు.

శింగనమల_తోటపని

నాదొక చిన్న మాట. చాలా ఇళ్లల్లో ఇట్లాంటి కబురు ఆడోళ్లతో పంపిస్తారు. "వదినకు చెప్పు, అన్నకు చెప్పమను" అని. వద్దు. మాట రెండు నోళ్లు మారేసరికి "అడిగినాడు" కాస్తా "నిలదీసినాడు" అవుతుంది. వదినమ్మలకూ తోడికోడళ్లకూ లేని తగువు అంటుకుంటుంది. నీళ్ల మాట నీళ్ల దగ్గరే, ఇద్దరే మాట్లాడుకోండి.

నార్పల_చీనీ

14 రోజులు అయినాయి. అందరూ చెప్పినట్టే రాసినాను. ఆటో ఉంది, గుత్తి అన్న చెప్పింది నిజమే.

నా వంతులు ఏడు. అందులో నాలుగు రోజులు నీళ్లు అటు పోయినాయి: 40, 95, 70, 50 నిమిషాలు. మొత్తం 255 నిమిషాలు, అంటే నాలుగుంబావు గంటలు. ఆ నాలుగిటికీ ముందు రోజు, అంటే ఆయన వంతులో కరెంటు పోయింది వరసగా 35, 90, 80 నిమిషాలు, నాలుగో దానికి ఏమీ పోలేదు. ఆ నాలుగో రోజుకు ముందు సాయంత్రం ఆయన డ్రిప్పులో ఎరువు ఎక్కించినాడు. నాలుగు సార్లూ సాయంత్రం ఆయన వాల్వు తెరిచే ఉంది. నా తప్పు కూడా రాసినాను: నేను ఒక రోజు ఆయన వంతులో 30 నిమిషాలు ఆడించినా.

డ్రమ్ము పొద్దున 80 సెకన్లకు, మధ్యాహ్నం 95 సెకన్లకు నిండింది. ఇద్దరివీ 20 అడుగులకు ఒక చెట్టు, చెట్టుకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు. ఆయన నాలుగెకరాలూ ఒకేసారి తెరుస్తాడు. నేను మూడూ ఒకేసారి తెరుస్తా. ఆయన నాలుగో ఎకరం భాగాలు అయినాక కొత్తగా పెట్టింది.

గార్లదిన్నె_నీటిలెక్క

మీ కాగితంలో మూడు వేరువేరు సమస్యలు ఉన్నాయి. మూడిటికీ "మా అన్న" అని ఒకే పేరు పెట్టుకున్నారు. విడదీద్దాం.

మొదటిది కరెంటు బాకీ. 35 పోతే 40, 90 పోతే 95, 80 పోతే 70. ఆయన పోయిన నిమిషాలకు దాదాపు సరిపడానే తీసుకున్నాడు. దోచుకునేవాడు ఇంత దగ్గర లెక్క పెట్టుకోడు. ఆయన తలలో ఒక నియమం ఉంది: వంతంటే 9 గంటల నీళ్లు. మీ తలలో ఇంకో నియమం ఉంది: వంతంటే ఒక రోజు. భాగపరిష్కారంలో "చెరి సగం" అని రాసిన పెద్దలు, సగం దేంట్లో అన్నది రాయలేదు. ఇద్దరూ మీ మీ నియమం ప్రకారం న్యాయంగానే ఉన్నారు, అందుకే ఇద్దరికీ అంత కోపం. నియమం ఇద్దరికీ ఒకటే ఉండి ఆయన దాన్ని మీరితే అప్పుడు ఆయనది మొండితనం. ఇప్పుడు ఉన్నది ఖాళీ, నియమం లేని చోటు.

రెండోది ఎరువు రోజు. ఎరువు ఎక్కించినాక లైనులో పదిహేను, ఇరవై నిమిషాలు మంచినీళ్లు పోవాలి, లేకుంటే డ్రిప్పర్లలో ఉప్పు పట్టుకుంటుంది. ఆయన ఆలస్యంగా మొదలుపెట్టినాడు, 4కు కరెంటు పోయింది, పొద్దున కడిగినాడు. కడగడానికి ఇరవై చాలు, యాభై అయిందంటే మిగతాది వాల్వు మూయడానికి ఎవరూ రాకపోవడం. ఎరువు ట్యాంకు 2:30 దాటినాక తెరవకూడదు అని ఒక్క మాట రాసుకుంటే ఇది పోతుంది.

మూడోది ఇద్దరి తోటల్లోనూ ఉంది, ఇద్దరికీ కనపడటం లేదు. లెక్క చూడండి. 20 అడుగులకు ఒక చెట్టంటే ఎకరాకు 108. చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు 8 లీటర్లు, అంటే ఎకరాకు గంటకు దాదాపు 3,450 లీటర్లు కావాలి. నాలుగెకరాలకు 13,800. మీ బోరు 80 సెకన్లకు 200 లీటర్లు, అంటే పొద్దున గంటకు 9,000, మధ్యాహ్నం 7,600 లోపే. అదీ తెరిచిన పైపు దగ్గర. డ్రిప్పు ఒత్తిడి మీద ఇంకా తగ్గుతుంది. 13,800 అడిగే లైనుకు అంత కన్నా బాగా తక్కువ ఇస్తే ఒత్తిడి పడిపోతుంది, దగ్గరి చెట్లు తాగుతాయి, కొసన ఉన్నవి ఎండుతాయి. ఆయన రోజూ చూసేది ఆ కొస చెట్లనే. "నాకు నీళ్లు చాలలేదు" అని ఆయన నమ్మడానికి కారణం అది. గంటలు ఎన్ని ఇచ్చినా ఆ కొస తడవదు, ఆయన అడగడం ఆపడు. మీ మూడెకరాలకూ 10,300 కావాలి, మీకూ అదే కత, కొంచెం తక్కువగా.

నమ్మకం కుదరకపోతే ఇట్లా చూడండి. మొదటి వరసలో ఒక డ్రిప్పరు కింద, చివరి వరసలో ఒక డ్రిప్పరు కింద, పైభాగం కోసేసిన లీటరు సీసా పెట్టండి. 6 నిమిషాలు ఆగండి. 8 లీటర్ల డ్రిప్పరు సరిగా పనిచేస్తే 800 మిల్లీలీటర్లు పడాలి. మొదట్లో 800, కొసన 400 పడితే ఇంకెవరితోనూ వాదించే పని లేదు, సీసాలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. కొసన తక్కువ రావడానికి ఫిల్టరు మూసుకుపోవడం, డ్రిప్పర్లలో ఉప్పు చేరడం కూడా కారణాలే. ముందు ఫిల్టరు జాలీ కడిగి, లేటరళ్ల (చెట్ల వరసల వెంట పోయే సన్న డ్రిప్పు పైపుల) కొసలు విప్పి మురికి వదిలి అప్పుడు కొలవండి.

మందు ఏమంటే, ఆయన 4 ఎకరాలను రెండు రెండుగా చీల్చి ఒక్కోటి నాలుగున్నర గంటలు. 2 ఎకరాలకు 6,900 చాలు, బోరు ఇవ్వగలదు. మీరు ఒకటిన్నర, ఒకటిన్నర. ఒక రోజు ఏ భాగం పొద్దున తాగితే వచ్చే వంతుకు ఆ భాగం మధ్యాహ్నం తాగాలి, లేకుంటే మధ్యాహ్నపు భాగం ఎప్పుడూ నష్టపోతుంది. ఆయన సబ్‌మెయిన్‌కు, అంటే లేటరళ్లకు నీళ్లిచ్చే పెద్ద పైపుకు, ఇంకో వాల్వు పెట్టడమే ఖర్చు. ఆ వాల్వు ఖర్చులో సగం మీరు పెట్టుకుంటానని చెప్పండి. ఇది ఉదారత అనుకోకండి, మీ పొద్దున గంటకు కట్టే వెల అనుకోండి.

నార్పల_చీనీ

సీసాలు పెట్టినా. మా తోటలోనే మొదట 790, కొసన 520. ఆయన తోటలో ఇంకా అధ్వానంగా ఉంటాదని అర్థమైంది. సరే, ఇప్పుడు ఆయనతో ఏమని మొదలుపెట్టాల? నేను నోరు తెరిస్తేనే ఆయన కస్సుమంటాడు.

గార్లదిన్నె_నీటిలెక్క

టీ అంగడి దగ్గర వద్దు, రచ్చకట్ట దగ్గర వద్దు, తాగి ఉన్నప్పుడు వద్దు, నీళ్లు పారుతున్నప్పుడు అసలే వద్దు. సాయంత్రం కరెంటు పోయినాక, ఆయన వంతు ముగిసిన రోజు, బోరు దగ్గర. ఆ రోజు ఆయన నీళ్లు ఆయన పట్టుకుని ఉంటాడు, ఎవరూ లాక్కునేది ఏమీ ఉండదు.

మొదటి మాట మీ తప్పుతోనే ఎత్తుకోండి: "అన్నా, పోయిన వారం నీ వంతులో నేను అరగంట ఆడించినా. అది నీకు బాకీ." రెండోది ప్రశ్న: "కరెంటు పోయిన గంటలు ఎట్లా సర్దుకుంటే బాగుంటాదంటావ్?" ఇక్కడ ఆగండి. ఆయన పాత కోపాలన్నీ తీస్తాడు, మోటారు కాలినప్పుడు ఎవరు ఎంత ఇచ్చినారు, పైపుల డబ్బులు, అన్నీ. జవాబు చెప్పకండి. అన్నీ వినేసి "అంటే నువ్వు చెప్పేది, వంతుకు 9 గంటల నీళ్లు పూర్తిగా రావాల, రిపేరు ఖర్చు సమంగా ఉండాల. అంతేనా?" అని ఆయన మాటనే ఆయనకు తిరిగి చెప్పండి. ఆయన అవునన్న తర్వాత కాగితం తీయండి: "ఈ పద్నాలుగు రోజులది చూడు, తప్పుంటే నువ్వే దిద్దు." పెన్ను ఆయన చేతికి ఇవ్వండి. ఒకటి రెండు అంకెలు ఆయన దిద్దితే మంచిదే, కాగితం అప్పటి నుంచి ఇద్దరిదీ అవుతుంది.

"నువ్వెప్పుడూ ఇంతే", "మీ నాయన కూడా ఇట్లే చేసినాడు", "ఊళ్లో అందరూ అంటాండారు". ఈ మూడూ నోట్లోంచి రాకూడదు. మూడోది మరీ ప్రమాదం. ఎవరన్నారో చెప్పమంటాడు, చెప్పలేరు.

గొంతు పెంచితే మీరు పెంచకండి, తగ్గించనూ కూడదు. మరీ నెమ్మదిగా మాట్లాడితే ఎగతాళి చేస్తున్నట్టు ఉంటుంది. "ఇప్పుడొద్దులే అన్నా, ఎల్లుండి ఇదే టైముకు కూర్చుందాం" అని ఏ రోజో, ఏ టైమో చెప్పి లేవండి. రోజు చెప్పకుండా లేస్తే అలిగి పోయినట్టు లెక్క.

ఇక పెట్టాల్సిన నియమం. పోయిన కరెంటును మరుసటి పొద్దున పట్టుకునే పద్ధతి మానేయండి. రోజువారీ సర్దుబాటు అంటే రోజువారీ తగువు. 14 రోజులకు ఒకసారి అవర్ మీటరు లెక్క చూసుకుని, ఎవరికి తక్కువ వచ్చిందో వాళ్లకు తేడాలో సగం గంటలు ఒకే రోజు తిరిగి ఇవ్వండి. ఒకరికి 60 గంటలు, ఇంకొకరికి 52 వస్తే తేడా 8, రెండో మనిషికి 4 గంటలు. ఇద్దరిదీ 56 అవుతుంది. తేడా మొత్తం 8 ఇచ్చేస్తే తక్కెడ అటు మొగ్గుతుంది. ఈ కూడిక దగ్గరే చాలామంది పొరపడతారు.

సాయంత్రం వాల్వు మార్చే పని వంతు ముగిసిన మనిషిది. ముందు అవతలి వాల్వు తెరవాలి, ఆ తర్వాతే తనది మూయాలి. ఆ వరస తిరగేయకూడదు, కారణం గుత్తి అన్న పైన చెప్పినాడు.

గుత్తి_వైండింగ్

రిపేరు ఖర్చు మాట వచ్చింది కాబట్టి చెప్తాండా. మీటరు ఉంటే ఇది తేలిక. ఎవరు ఆడించిన గంటకు వాళ్లు 10 రూపాయలు డబ్బీలో వేయాల. పక్షానికి ఒక్కొక్కరికి 60 గంటలనుకో, చెరి 600. వానలు పడే రోజులు తీసేసినా ఏడాదికి ఇద్దరిదీ కలిపి ఇరవై వేలు దాటుతాది. మోటారు కాలిన రోజు ఒకరి మొహం ఒకరు చూసుకునే పని ఉండదు. ఎక్కువ నీళ్లు కావాలన్నోడు ఎక్కువ కడతాడు. కొత్త ఎకరం పెట్టినాడు కదా, ఆయనకు అదనపు గంటలు కావాలంటే ఊరకే అడిగేది పోయి, వెల కట్టి అడుగుతాడు.

మీటరు పెట్టెకు ఒక్కడే తాళం వేసుకుంటే మళ్లీ మొదటికే వస్తాది. అద్దం ఉన్న పెట్టె పెట్టండి, తాళం తీయకుండానే అంకె కనపడాల. మీటరు ఒకటే కాబట్టి, రోజూ సాయంత్రం వంతు ముగిసినోళ్లు ఫోనులో ఫొటో తీసి అవతలోళ్లకు పంపితే చాలు, ఎవరి గంటలు ఎన్నో విడిగా తెలుస్తాయి.

శింగనమల_తోటపని

ఇంకో దారి కూడా ఉంది. చీనీకి పూత కోసం తోటను బెట్టకు వదులుతారు కదా, అంటే నీళ్లు ఆపేస్తారు, నేలను బట్టి నెల నుంచి రెండు నెలలు. ఇద్దరూ ఒకే కాపు పట్టి ఒకే నెలలో బెట్ట పెడితే, ఒకే నెలలో ఇద్దరికీ నీళ్లు ఎక్కువ కావాలి. ఒకరు బెట్ట పెట్టిన రోజుల్లో వాళ్ల గంటలు ఇంకొకరు వాడుకుని, తర్వాత తిరిగి ఇస్తే ఎండాకాలపు ఒత్తిడి కొంత తగ్గుతుంది. ధరల మీద ఆధారపడిన విషయం కాబట్టి ఇది బలవంతం చేసేది కాదు. మాట మీద పెట్టి చూడండి. ఇచ్చుకునేది కూడా ఒకటి ఉంటే మాట వేరే తీరుగా నడుస్తుంది.

"కొత్త బోరు వేసుకుంటే పోలా" అని ఎవరో ఒకరు చెప్తారు. గ్రానైటు నేలలో నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి. పక్కనే వేస్తే అదే పగులు నుంచి లాగొచ్చు, రెండూ చాలకుండా పోవచ్చు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కూడా తీసుకోవాలి. ఆరేడు వందల అడుగులు తవ్వించి దుమ్ము చూసినోళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

అనంత_వకీలు

లెక్కలు బాగున్నాయి. కాగితం గురించి రెండు మాటలు చెప్తాను.

మీ భాగపరిష్కార దస్తావేజు రిజిస్టరు అయిందా, అందులో బోరు ఏ సర్వే నంబరులో ఉందని రాశారో ముందు చూసుకోండి. బోరు ఒకరి భూమిలో ఉండి, రెండో వారికి శాశ్వత హక్కు కొత్తగా రాయాలంటే రిజిస్ట్రేషను కావాలి. హక్కు పాత దస్తావేజులో స్పష్టంగా ఉండి, ఇప్పుడు వంతులు, గంటలు, ఖర్చులు మాత్రమే రాసుకుంటుంటే స్టాంపు కాగితం మీద ఒప్పందం, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు చాలు. సాక్షులు చెరి ఒకరు. కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉందో కూడా అందులో రాయండి, చాలా ఊళ్లలో అది ఇంకా తాతల పేరు మీదే ఉంటుంది.

మొదటి ఒప్పందం శాశ్వతం అని రాయకండి. మూడు నెలలకు రాసి, ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని మార్చుకుందాం అనండి. మొండిగా ఉన్న మనిషి ఎప్పటికీ అన్నదానికి సంతకం పెట్టడు, మూడు నెలలకు పెడతాడు.

ఇక ఈ పద్ధతి పనిచేయని మనుషులూ ఉంటారు. అది గుర్తుపట్టడానికి మూడు గుర్తులు చూడండి. అడిగింది ఒప్పుకున్న వెంటనే ఇంకో కొత్త కోరిక తేవడం. తానే చెప్పిన నియమాన్ని తానే మీరడం. తనకు ఒక్క చుక్క నీళ్లు కలిసిరాని పనులు చేయడం, అంటే లేటరళ్లు కోయడం, ఫ్యూజులు పీకడం వంటివి. మూడో గుర్తు ఒక్కటి కనపడినా అవతలి మనిషికి కావలసింది నీళ్లు కాదని తెలిసిపోతుంది, లెక్కలు చెప్పి లాభం లేదు. అప్పుడు తేదీలతో ఫొటోలు తీసి పెట్టుకుని న్యాయసేవల దారి పట్టండి. కొట్టడం, బెదిరించడం దాకా వస్తే అది వంతుల సమస్య కాదు, 112కు ఫోను చేయాల్సిన సమస్య.

న్యాయసేవల దారి అంటే: దగ్గరి కోర్టులో మండల న్యాయసేవా కమిటీ ఉంటుంది, జిల్లా కోర్టు దగ్గర జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, ఫోను నంబరు 15100. దావా వేయకముందే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. ఇద్దరినీ పిలిచి మాట్లాడతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డుకు, అంటే అక్కడ రాసిచ్చే తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. ఆ చివరిది మంచీ చెడూ రెండూ. అందుకే మీ గంటల లెక్క, వాల్వుల వరస, డబ్బీ డబ్బు అన్నీ ముందే రాసుకుని పోండి. అక్కడ "ఇకపై ఇద్దరూ సఖ్యతగా ఉండవలెను" అని రాయించుకుని వచ్చేవాళ్లు చాలామంది. దాన్ని ఏ కోర్టూ అమలు చేయలేదు. "14 రోజులకు ఒకసారి మీటరు చూచి తేడాలో సగం గంటలు ఇవ్వవలెను" అన్నదాన్ని చేయగలదు.

తాడిపత్రి_పాతకాపు

సీసాల లెక్క మా తోటలో చూసినా. కొసన 450. ఫిల్టరు కడిగితే 610 అయింది. ఇంకా చాలదు. మిగతాది ఉప్పేనా?

గార్లదిన్నె_నీటిలెక్క

ముందు ఒకేసారి ఎన్ని ఎకరాలు తెరుస్తున్నారో చూసుకోండి. సగం మూసి మళ్లీ కొలవండి. 750 దాటితే ఒత్తిడి సమస్య, ఉప్పు కాదు. సగం మూసినా 610 దగ్గరే ఉంటే ఉప్పు. అప్పుడు యాసిడ్ పట్టించాలి: లేటరళ్ల కొసన వచ్చే నీటి పీహెచ్ 4 దగ్గరికి వచ్చేదాకా ఎక్కించి, మోటారు ఆపి 24 గంటలు లైనులోనే ఉంచి, మరుసటి రోజు కొసలు విప్పి కడగాలి. కలిపేటప్పుడు యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

నార్పల_చీనీ

నిన్న సాయంత్రం కూర్చున్నాం. వాల్వు చీల్చేదానికీ, మీటరుకూ ఒప్పుకున్నాడు. ఆటో తీసేదానికి మాత్రం ఒప్పుకోలేదు. "పొద్దున ఏడుకు ఎవరొస్తారు రోజూ" అంటాడు. ఏం చేయాల?

గుత్తి_వైండింగ్

ఉండనీ. సాయంత్రం వాల్వు మార్చే నియమం సరిగా నడిస్తే ఆటో ఉన్నా నీళ్లు సరైన తోటకే పోతాయి. అయితే ఆటో ఉంచేటట్టయితే రెండు పెట్టించండి. డ్రై రన్ కట్ ఒకటి, నీళ్లు తగ్గినప్పుడు మోటారు తానే ఆగుతాది. కరెంటు వచ్చినాక మోటారు లేచేదానికి రెండు మూడు నిమిషాల ఆలస్యం ఇంకొకటి, పక్క మోటార్లతో పాటు లేవదు. ఆ టైమర్ల ఖర్చు ఆటో కావాలన్న మీ అన్నను పెట్టుకోమనండి.

నార్పల_చీనీ

అడిగినా. టైమర్లు ఆయనవి, మీటరు నాది, కొత్త వాల్వు చెరి సగం. ఆదివారం బిగిస్తాండాం.

గుత్తి_వైండింగ్

బిగించినాక మీటరు మొదటి అంకె ఇద్దరూ కాగితం మీద రాసుకోండి. కొత్త మీటరు కూడా సున్నా నుంచే మొదలవదు ఒక్కోసారి, అంగట్లో టెస్టు చేసి ఉంటారు.